అర్థశాస్త్రంలో నిర్వహణ, నాయకత్వ సూత్రాలు

అర్థశాస్త్రం సంస్కృత భాషలో వెలసిన ప్రాచీన రాజనీతి గ్రంథం. దీని కర్త కౌటిల్యుడు. రాజ్యాన్ని సంపాదించడం, కాపాడుకోవడం, వృద్ధి చేయడం ఈ గ్రంథంలోని ప్రధాన విషయాలు. ఉద్యోగులను ఎంచుకోవడం, వారికి పని అప్పగించడం, జీతాలు నిర్ణయించడం, లెక్కలు తనిఖీ చేయడం, సలహాలు స్వీకరించడం, సమయాన్ని విభజించుకోవడం వంటి అంశాలు కూడా ఇందులో వివరంగా చర్చించబడినవి. ఈ కారణంగా ఆధునిక కాలంలో నిర్వహణ శాస్త్రాన్ని అధ్యయనం చేసేవారు ఈ గ్రంథంపై ఆసక్తి చూపుతున్నారు. మహాభారతంలోని శాంతిపర్వం, ఉద్యోగపర్వంలోని విదురనీతి, కామందకుని నీతిసారం వంటివి కూడా ఇదే కోవకు చెందిన రచనలు. అయితే పాలనా యంత్రాంగాన్ని ఇంత సూక్ష్మంగా వర్ణించిన ప్రాచీన భారతీయ గ్రంథం మరొకటి లభించలేదు.

గ్రంథ పరిచయం

అర్థశాస్త్రంలో 15 అధికరణాలు, 150 అధ్యాయాలు, 180 ప్రకరణాలు ఉన్నవి. గ్రంథంలో అధిక భాగం సూత్రరూపంలో ఉన్న వచనం. అధ్యాయాల చివర శ్లోకాలు వస్తాయి. మొదటి అధికరణం రాజు శిక్షణ, మంత్రులు, గూఢచారుల గురించి, రెండవది వివిధ శాఖల అధ్యక్షుల విధుల గురించి, మూడు, నాలుగు అధికరణాలు న్యాయ వ్యవహారాలు, నేర నిరోధం గురించి వివరిస్తాయి. అయిదవ అధికరణంలో ఉద్యోగుల జీతభత్యాల ప్రస్తావన కలదు. ఆరవ అధికరణం నుండి రాజ్యాంగాలు, విదేశాంగ నీతి, యుద్ధం మొదలైన విషయాలు వస్తాయి.

సంప్రదాయం ప్రకారం కౌటిల్యుడు, చాణక్యుడు, విష్ణుగుప్తుడు ఒక్కరే. ఆయన క్రీ.పూ. 4వ శతాబ్దంలో చంద్రగుప్త మౌర్యునికి మంత్రిగా ఉన్నాడని ప్రతీతి. ఆధునిక పండితులు అందరూ దీనిని అంగీకరించలేదు. థామస్ ట్రౌట్‌మన్ 1971లో ప్రచురించిన పరిశోధనలో, పదప్రయోగాల గణాంకాలను బట్టి గ్రంథంలో ఒకరి కంటే ఎక్కువమంది చేతివ్రాత కనిపిస్తున్నదని ప్రతిపాదించాడు. 2013లో ఆంగ్లానువాదం ప్రచురించిన పాట్రిక్ ఒలివెల్, ఈ గ్రంథం మౌర్యుల తరువాతి కాలానికి చెందినదని, తొలి రచన తరువాత కొంత కాలానికి మరల సంస్కరించబడినదని భావించాడు.

చాలా కాలం ఈ గ్రంథం ఇతర రచనలలోని ప్రస్తావనల ద్వారా మాత్రమే తెలిసి ఉండేది. దండి దశకుమారచరితంలోను, బాణుడు కాదంబరిలోను దీనిని ప్రస్తావించారు. 20వ శతాబ్దం ఆరంభంలో తంజావూరు ప్రాంతానికి చెందిన ఒక పండితుడు మైసూరులోని ప్రాచ్య గ్రంథాలయానికి దీని తాళపత్ర ప్రతిని అందజేశాడు. అక్కడ గ్రంథపాలకుడిగా ఉన్న రుద్రపట్న శామశాస్త్రి దానిని పరిష్కరించి 1909లో ప్రచురించాడు. ఆయన ఆంగ్లానువాదం 1915లో వెలువడినది. తరువాత టి. గణపతిశాస్త్రి తిరువనంతపురంలోను, ఆర్.పి. కాంగ్లే బొంబాయిలోను ప్రచురించిన పరిష్కరణలు ప్రసిద్ధి పొందినవి.

నాయకుని శిక్షణ

కౌటిల్యుని దృష్టిలో పాలన తనను తాను పాలించుకోవడంతో మొదలవుతుంది. రాజు నేర్వవలసిన విద్యలు నాలుగు అని ఆయన చెప్పాడు.

* ఆన్వీక్షికి - హేతుబద్ధంగా విచారించే విద్య. సాంఖ్యం, యోగం, లోకాయతం ఇందులోనివి.
* త్రయి - వేదవిద్య.
* వార్త - వ్యవసాయం, పశుపాలన, వాణిజ్యం.
* దండనీతి - పరిపాలనా విద్య.

వీటిలో కొన్నింటిని మాత్రమే విద్యలుగా అంగీకరించిన పూర్వాచార్యులు ఉన్నారు. దండనీతి ఒక్కటే చాలునన్న వారు కూడా ఉన్నారు. కౌటిల్యుడు వారితో ఏకీభవించలేదు. ధర్మాధర్మాలను, లాభనష్టాలను, బలాబలాలను తూచి చూసే శక్తి ఆన్వీక్షికి వలన లభిస్తుందని, కష్టంలోను సుఖంలోను బుద్ధిని నిలకడగా ఉంచేది అదేనని ఆయన అభిప్రాయం. సంపద ఎట్లా పుడుతుందో తెలియనివాడు రాజ్యం నడపలేడు గనుక వార్తకు కూడా సమాన స్థానం ఇచ్చాడు.

విద్యకు ఫలితం ఇంద్రియజయం. లోకంలో అరిషడ్వర్గం అనగానే కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలు గుర్తుకు వస్తాయి. అర్థశాస్త్రంలోని జాబితా కొంత భిన్నమైనది. అందులో కామం, క్రోధం, లోభం, మానం, మదం, హర్షం అనే ఆరు ఉన్నవి. హర్షం అనగా మితిమీరిన ఉత్సాహం. విజయం తెచ్చిన పొంగు కూడా నాయకునికి శత్రువే అన్నది ఇక్కడి సూచన. మానం చేత రావణుడు, దుర్యోధనుడు, హర్షం చేత అగస్త్యుని మీదికి వెళ్ళిన వాతాపి నశించారని గ్రంథం ఉదాహరణలు ఇస్తుంది. అయితే కౌటిల్యుడు సుఖాలను పూర్తిగా విడిచిపెట్టమని చెప్పలేదు. ధర్మార్థాలకు విరోధం కాని సుఖాన్ని అనుభవించవచ్చునని, మూడింటిలో ఏ ఒక్కటి అతిగా సేవించినా మిగిలిన రెండింటిని, తనను తానే కూడా చెరుపుకుంటుందని చెప్పాడు.

రాజు దినచర్య

రాజు చురుకుగా ఉంటే భృత్యులు కూడా చురుకుగా ఉంటారని, అతడు ఏమరుపాటున ఉంటే వారు కూడా అట్లే ఉండి పనులను పాడుచేస్తారని అర్థశాస్త్రం చెబుతున్నది. ఇందుకోసం పగటిని ఎనిమిది భాగాలుగా, రాత్రిని ఎనిమిది భాగాలుగా విభజించినది. ఒక్కొక్క భాగం సుమారు గంటన్నర. పగటి భాగాలలోని పనులు ఇవి.

* 1వ భాగం - రక్షణ ఏర్పాట్లు, ఆదాయ వ్యయాలు వినడం.
* 2వ భాగం - పురజనుల, గ్రామీణుల వ్యవహారాలు చూడడం.
* 3వ భాగం - స్నానం, భోజనం, అధ్యయనం.
* 4వ భాగం - ధన స్వీకారం, అధ్యక్షులకు పనుల అప్పగింత.
* 5వ భాగం - మంత్రిపరిషత్తుతో లేఖల ద్వారా సంప్రదింపు, చారులు తెచ్చిన రహస్య సమాచారం.
* 6వ భాగం - విహారం లేక ఆలోచన.
* 7వ భాగం - ఏనుగులు, గుర్రాలు, రథాలు, సైనికుల తనిఖీ.
* 8వ భాగం - సేనాపతితో సైనిక వ్యవహారాల చర్చ.

రాత్రి భాగాలలో చారులను చూడడం, భోజనం, అధ్యయనం, నిద్ర, మేల్కొని మరునాటి పనుల గురించి ఆలోచించడం, మంత్రాంగం వస్తాయి. ఈ విభజన ప్రకారం పూర్తిగా నిద్రకు కేటాయించినవి రెండు భాగాలే. అయితే ఇది అందరికీ ఒకే విధంగా వర్తించే నియమం కాదు. తన శక్తికి తగినట్లు పగలును, రాత్రిని విభజించుకోవచ్చునని కౌటిల్యుడే వెసులుబాటు ఇచ్చాడు.

దినచర్యలో చెప్పుకోదగిన అంశం ప్రజలకు దర్శనం. పనిమీద వచ్చినవారిని వాకిట నిలబెట్టరాదు. రాజు దర్శనం దుర్లభమైనప్పుడు అతని చుట్టూ ఉన్నవారు చేయవలసిన పనులను చేయరాని విధంగా, చేయరానివాటిని చేయవలసినవిగా తారుమారు చేస్తారు. దాని వలన ప్రజలు తిరగబడవచ్చు, లేదా రాజు శత్రువు వశం కావచ్చు. అత్యవసరమైన పనిని వెంటనే వినవలెను, వాయిదా వేయరాదు. వాయిదా పడిన పని కష్టసాధ్యం గాని, అసాధ్యం గాని అవుతుంది. వ్యవహారాలు చూడవలసిన క్రమంలో బాలురు, వృద్ధులు, రోగులు, ఆపదలో ఉన్నవారు, అనాథలు, స్త్రీలు పేర్కొనబడినారు. ప్రజల సుఖం, హితం కంటే వేరైన సుఖం, హితం రాజుకు లేవన్న ప్రసిద్ధమైన భావం కూడా ఈ అధ్యాయంలోనే ఉన్నది.

ఉద్యోగుల ఎంపిక

ఒకే చక్రంతో బండి నడవదు గనుక రాజు సహాయకులను నియమించుకుని వారి మాట వినవలెనని అర్థశాస్త్రం చెబుతున్నది. ఎవరిని నియమించవలెను అన్న ప్రశ్నపై గ్రంథంలో ఒక ఆసక్తికరమైన చర్చ ఉన్నది. ఇందులో ఒక్కొక్క ఆచార్యుడు ముందటివాని మాటను ఖండిస్తూ పోతాడు.

* భారద్వాజుడు: సహాధ్యాయులను నియమించవలెను. వారి నిజాయితీ, సామర్థ్యం తెలిసినవే.
* విశాలాక్షుడు: కాదు. కలిసి ఆడుకున్నవారు రాజును లెక్కచేయరు. రాజుతో సమానమైన శీలం, రహస్యాలు కలవారిని నియమించవలెను.
* పరాశరుడు: కాదు. ఆ రహస్యాలకు భయపడి రాజే వారికి లోబడతాడు. ప్రాణాపాయంలో ఆదుకున్నవారిని నియమించవలెను.
* పిశునుడు: కాదు. అది భక్తి, బుద్ధిబలం కాదు. అప్పగించిన పనిలో అనుకున్నంత గాని, అంతకు మించి గాని ఆదాయం తెచ్చినవారిని నియమించవలెను.
* కౌణపదంతుడు: కాదు. వారికి ఇతర గుణాలు ఉండవు. తాతతండ్రుల నుండి కొలువులో ఉన్నవారిని నియమించవలెను.
* వాతవ్యాధి: కాదు. వారు సర్వం చేజిక్కించుకుని తామే ప్రభువులవుతారు. నీతి తెలిసిన కొత్తవారిని నియమించవలెను.
* బాహుదంతీపుత్రుడు: కాదు. శాస్త్రం తెలిసి పని అనుభవం లేనివాడు పనిలో తబ్బిబ్బవుతాడు. మంచి వంశం, ప్రజ్ఞ, నిజాయితీ, శౌర్యం, విశ్వాసం కలవారిని నియమించవలెను.

ఇన్ని మాటలలోను కొంత నిజం ఉన్నదని కౌటిల్యుడు అంగీకరిస్తాడు. మనిషి సామర్థ్యం అతడు చేసిన పనిని బట్టి తెలుస్తుందని ఆయన నిర్ణయం. ఎవరి శక్తికి తగిన పదవిని వారికి, దేశకాలాలను, పని స్వభావాన్ని చూసి పంచిపెట్టవలెను. అయితే ఇట్లా ఎంపికైనవారు అమాత్యులు మాత్రమే. అమాత్యుడు అనగా పని నిర్వహించే ఉద్యోగి. మంత్రి అనగా ఆంతరంగిక సలహాదారు. మంత్రి పదవికి ఇంతకంటే కఠినమైన అర్హతలు కావలెను. పనిలో సమర్థుడైన ప్రతివాడు సలహాదారు కాజాలడన్నది ఇక్కడి భావం.

గుణాలను ఎట్లా తెలుసుకోవలెనో కూడా చెప్పబడినది. పుట్టిన చోటు, కుటుంబం గురించి బంధువుల వలన, విద్య గురించి అదే విద్య తెలిసినవారి వలన, బుద్ధి గురించి చేపట్టిన పనుల వలన, వాక్చాతుర్యం గురించి సంభాషణ వలన, ఓర్పు గురించి ఆపద సమయాలలో, శీలం గురించి కలిసి జీవించినవారి వలన తెలుసుకోవలెను.

నిజాయితీ పరీక్షలు

అమాత్యులను నియమించిన తరువాత వారి నిజాయితీని నాలుగు విధాల పరీక్షించవలెనని పూర్వాచార్యులు చెప్పారు. వీటికి ఉపధలు అని పేరు. పరీక్షలో నిలిచిన తీరును బట్టి పని అప్పగిస్తారు.

* ధర్మోపధలో నిలిచినవారు - న్యాయస్థానాలు, నేర విచారణ.
* అర్థోపధలో నిలిచినవారు - పన్నుల వసూలు, భాండాగారాలు.
* కామోపధలో నిలిచినవారు - విహార స్థలాల రక్షణ.
* భయోపధలో నిలిచినవారు - రాజుకు సమీపంలోని పనులు.
* అన్నింటిలో నిలిచినవారు - మంత్రి పదవి.
* అన్నింటిలో విఫలమైనవారు - గనులు, అడవులు, కర్మాగారాలు.

ఈ పద్ధతిని వివరించిన వెంటనే కౌటిల్యుడు ఒక హెచ్చరిక చేస్తాడు. ఈ పరీక్షలలో రాజును గాని, రాణిని గాని ఎరగా వాడరాదు. చెడనివానిని చెరపడం నీటిలో విషం కలపడం వంటిది. ఒకసారి చెడిన మనసు మరల యథాస్థితికి రాకపోవచ్చు. దానికి మందు దొరకదు. ఆశ చూపి మనిషిని పరీక్షించే యజమాని ఆ మనిషిలో లేని దోషాన్ని తానే పుట్టించవచ్చునని గుర్తించడం ఈ భాగంలోని విశేషం.

మంత్రాంగం

ప్రతి కార్యానికి ముందు ఆలోచన ఉండవలెను. ఎంతమందితో ఆలోచించవలెను అన్నదానిపై కౌటిల్యుని సమాధానం ముగ్గురు లేక నలుగురు. ఒక్కనితో ఆలోచిస్తే చిక్కు విషయాలలో నిర్ణయం దొరకదు, పైగా ఆ ఒక్కడు అదుపు లేకుండా ప్రవర్తిస్తాడు. ఇద్దరైతే వారు కలిసిపోతే రాజును లొంగదీసుకుంటారు, కలహిస్తే పని చెడగొడతారు. ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు ఈ దోషం అరుదు. అంతకు మించితే నిర్ణయానికి రావడం, రహస్యం కాపాడడం రెండూ కష్టం. వారిని విడివిడిగాను, కలిపి కూడా అడగవలెను. ఒక్కొక్కరి అభిప్రాయాన్ని కారణాలతో సహా తెలుసుకోవలెను.

మంత్రాంగానికి అయిదు అంగాలు చెప్పబడినవి.

* పని ప్రారంభించే ఉపాయం
* తగిన మనుషులు, వస్తువులు
* స్థలకాలాల విభజన
* ఆటంకాలకు ప్రతిక్రియ
* కార్యసిద్ధి

ఆంతరంగిక మంత్రులు కాక విస్తృతమైన మంత్రిపరిషత్తు వేరుగా ఉంటుంది. దీనిలో పన్నెండుమంది ఉండవలెనని, పదహారుమంది అని, ఇరవైమంది అని వేరు వేరు సంప్రదాయాలు చెప్పగా, కౌటిల్యుడు అవసరానికి, శక్తికి తగినంతమంది చాలునన్నాడు. ఇంద్రునికి కన్నులు రెండే అయినా, వేయిమంది ఋషులు గల పరిషత్తే అతని చూపు గనుక వేయికన్నులవాడన్నారని ఒక చమత్కారమైన వివరణ కూడా ఇచ్చాడు. దూరంగా ఉన్నవారి అభిప్రాయాన్ని లేఖ ద్వారా తీసుకోవలెను.

జీతభత్యాలు

జీతాల నిమిత్తం రాజ్యాదాయంలో నాలుగవ వంతు కేటాయించవలెనని అయిదవ అధికరణం సూచిస్తున్నది. జీతాలు పణాలలో ఇవ్వబడినవి. పణం వెండి నాణెం. జాబితాలోని కొన్ని ముఖ్యమైన శ్రేణులు ఇవి.

* 48,000 పణాలు - మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు మొదలైనవారు
* 24,000 పణాలు - సమాహర్త, సన్నిధాత మొదలైనవారు
* 12,000 పణాలు - మంత్రిపరిషత్తు సభ్యులు, సరిహద్దు రక్షకులు మొదలైనవారు
* 1,000 పణాలు - సాధారణ శాఖల అధ్యక్షులు
* 500 పణాలు - గణకులు, లేఖకులు, శిక్షణ పొందిన పదాతులు
* 120 పణాలు - శిల్పులు, చేతిపనివారు
* 60 పణాలు - పశువుల కాపరులు, పరిచారకులు

అత్యున్నత జీతానికి, కనిష్ఠ జీతానికి మధ్య తేడా 800 రెట్లు. పై శ్రేణివారు ప్రలోభాలకు లొంగకుండా, తిరుగుబాటు చేయకుండా ఉండేందుకు అంత జీతం అవసరమని గ్రంథం కారణం చెబుతున్నది. అనగా ఇక్కడ జీతం శ్రమకు ప్రతిఫలం మాత్రమే కాదు, విశ్వాసానికి పెట్టుబడి కూడా. విధి నిర్వహణలో మరణించినవారి భార్యాపిల్లలకు భత్యం ఇవ్వవలెను. వారి కుటుంబంలోని బాలురను, వృద్ధులను, రోగులను ఆదుకోవలెను. మరణం, వ్యాధి, పురుడు వంటి సందర్భాలలో సహాయం చేయవలెను. కోశం తక్కువగా ఉన్నప్పుడు కొంత ధనంతో పాటు అటవీ వస్తువులు, పశువులు, పొలాలు ఇవ్వవచ్చును.

లెక్కలు, తనిఖీ

రెండవ అధికరణంలో అక్షపటలం అనే లెక్కల కార్యాలయం వర్ణించబడినది. కార్య సంవత్సరం 354 రోజులు, ఆషాఢ పూర్ణిమతో ముగుస్తుంది. అప్పటికి ఆయా శాఖలవారు ముద్ర వేసిన లెక్కల పుస్తకాలతో హాజరు కావలెను. ఆలస్యానికి జరిమానా ఉన్నది.

ఉద్యోగులు ప్రభుత్వ ధనాన్ని అపహరించే మార్గాలు నలభై అని కౌటిల్యుడు లెక్కించాడు. వాటిలో కొన్ని: ముందు వచ్చినదాన్ని తరువాత రాయడం, తరువాత వచ్చినదాన్ని ముందు రాయడం, కొద్దిగా ఇచ్చి ఎక్కువ రాయడం, ఒకటి ఇచ్చి మరొకటి రాయడం, ఒకరికి ఇచ్చి మరొకరి పేర రాయడం, తూనికలు కొలతలలో మోసం. అనుమానం వచ్చినప్పుడు భద్రపరచినవానిని, రాసినవానిని, తీసుకున్నవానిని, ఇచ్చినవానిని, ఇప్పించినవానిని విడివిడిగా ప్రశ్నించవలెను. ఆ అధికారి వలన నష్టపోయినవారు వచ్చి చెప్పవచ్చునని ప్రకటన చేయవలెను. వచ్చి చెప్పినవారికి నష్టాన్ని పూరించవలెను. అపహరణను బయటపెట్టినవానికి రుజువైన సొమ్ములో ఆరవ వంతు, అతడు భృత్యుడైతే పన్నెండవ వంతు బహుమానం. తప్పుడు ఆరోపణ చేసినవానికి శిక్ష.

ఈ కట్టుబాట్లు ఎన్ని ఉన్నా అవినీతిని పూర్తిగా పట్టుకోవడం సాధ్యమని కౌటిల్యుడు భావించలేదు. నాలుకపై పడిన తేనెను రుచి చూడకుండా ఉండడం, నీటిలో తిరిగే చేప నీరు తాగినదో లేదో కనిపెట్టడం ఎంత కష్టమో, ధనం మధ్య పనిచేసే ఉద్యోగి సంగతి కూడా అంతేనని ఆయన పోలిక. అందుచేత ప్రతి శాఖకు ఒకరి కంటే ఎక్కువమంది ముఖ్యులు ఉండవలెనని, వారు ఒకే చోట శాశ్వతంగా ఉండరాదని నియమం పెట్టాడు. ఉద్యోగులు కుమ్మక్కయితే ధనం తింటారు, కలహిస్తే పని చెడగొడతారు. ఆపదకు ప్రతిక్రియ తప్ప మరే పనిని యజమానికి తెలుపకుండా ప్రారంభించరాదు. చెప్పిన పనిని చెప్పినట్లు గాని, అంతకంటే మెరుగుగా గాని చేసినవానికి హోదా, గౌరవం లభించవలెను. అన్యాయంగా తినకుండా, న్యాయంగా వృద్ధి చేసినవారిని పదవులలో స్థిరపరచవలెను.

ఇదే అధ్యాయంలో ఆదాయ లక్ష్యాల గురించి ఒక కీలకమైన మాట ఉన్నది. రావలసిన ఆదాయాన్ని తగ్గించినవాడు రాజధనాన్ని తిన్నట్లే. రావలసినదానికి రెట్టింపు తెచ్చినవాడు మాత్రం జనపదాన్ని తిన్నట్లు. ఆ అదనపు ధనం ఆకాశం నుండి ఊడిపడదు, ప్రజల నుండే వస్తుంది. కనుక అతడు ఆ ధనాన్ని రాజుకే తెచ్చి ఇచ్చినా, తప్పు చిన్నదైతే వారించవలెను, పెద్దదైతే శిక్షించవలెను. లక్ష్యాన్ని దాటడమే ఘనకార్యంగా లెక్కించే సంస్థలకు ఈ సూత్రం ఎదురు ప్రశ్న వేస్తున్నది. సంఖ్య పెరిగినప్పుడు అది ఎవరి నుండి వచ్చినదో విచారించడం కూడా యజమాని బాధ్యతే.

సప్తాంగాలు, వాటి ప్రాధాన్యం

రాజ్యానికి స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అనే ఏడు అంగాలు ఉన్నవి. ఎనిమిదవ అధికరణంలో వీటిలో దేనికి వచ్చిన ఆపద పెద్దది అన్న చర్చ వస్తుంది. జనపదం కంటే దుర్గానికి వచ్చిన ఆపద పెద్దదని పరాశరులు అనగా, కౌటిల్యుడు కాదన్నాడు. దుర్గం, కోశం, సైన్యం, నీటి వనరులు, వ్యవసాయం అన్నీ జనపదం మీదనే ఆధారపడి ఉన్నవని ఆయన వాదం. మొత్తం మీద పై వరుసలో ముందున్న అంగానికి వచ్చిన ఆపదే పెద్దదని తేల్చాడు. ఆ విధంగా మనుషులకు గోడల కంటే, ధనం కంటే, ఆయుధం కంటే ముందు స్థానం దక్కినది.

కరవు వచ్చినప్పుడు రాజు విత్తనాలు, ఆహారం ఇచ్చి ఆదుకోవలెనని, లేదా భోజనం పెట్టి కోటలు, నీటి కట్టడాల పనులు చేయించవలెనని నాలుగవ అధికరణం చెబుతున్నది. ఆధునిక కాలంలోని పనికి ఆహార పథకాలకు ఇది పోలిక కలిగి ఉన్నది.

నిర్ణయాలు, పోటీ

ఇతర రాజ్యాలతో వ్యవహరించడానికి సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం అనే ఆరు గుణాలు, సామ, దాన, భేద, దండాలు అనే నాలుగు ఉపాయాలు చెప్పబడినవి. సంధిలోను, యుద్ధంలోను లాభం సమానమైతే సంధినే ఎన్నుకోవలెను. యుద్ధంలో జననష్టం, వ్యయం, ప్రవాసం, ఇతర కష్టాలు ఉన్నవి. ఉత్సాహశక్తి, ప్రభుశక్తి, మంత్రశక్తి అనే మూడింటిలో పూర్వాచార్యులు ఉత్సాహాన్ని మెచ్చుకోగా, కౌటిల్యుడు ఉత్సాహం కంటే ధన సైన్య బలాన్ని, దాని కంటే ఆలోచనాబలాన్ని అధికంగా ఎంచాడు.

తెలుగు సాహిత్యంలో రాజనీతి

తెలుగులో కూడా రాజనీతి రచనల పరంపర ఉన్నది. బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి, మడికి సింగన సకలనీతి సమ్మతము వీటిలో ముఖ్యమైనవి. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509-1529) రచించిన ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు తన కుమారునికి చేసిన రాజనీతి బోధ ప్రసిద్ధమైనది. చెరువులు, కాలువలు నిర్మించడం, రేవులను వృద్ధి చేసి వర్తకాన్ని ప్రోత్సహించడం ఇందులోని అంశాలు. రాజ్యాన్ని స్వయంగా నడిపినవాని రచన కావడం దీని ప్రత్యేకత. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రచురించిన నీతిచంద్రిక ద్వారా పంచతంత్రంలోని నీతి అనేక తరాల తెలుగు విద్యార్థులకు పాఠ్యాంశంగా అందినది. పుల్లెల శ్రీరామచంద్రుడు అర్థశాస్త్రాన్ని తెలుగు వ్యాఖ్యానంతో అందించాడు.

ఆధునిక వినియోగం

20వ శతాబ్దం చివరి నుండి భారతదేశంలో అర్థశాస్త్రాన్ని వ్యాపార నిర్వహణకు అన్వయిస్తూ అనేక పుస్తకాలు, శిక్షణా కార్యక్రమాలు వచ్చినవి. రాధాకృష్ణన్ పిళ్ళై రచించిన కార్పొరేట్ చాణక్య (2010) వీటిలో విశేష ప్రచారం పొందినది. స్వామిని సంస్థాధిపతిగా, అమాత్యులను నిర్వాహకులుగా, జనపదాన్ని వినియోగదారులుగా, కోశాన్ని పెట్టుబడిగా పోల్చడం ఇటువంటి రచనలలో సాధారణం. చాణక్యుని పేర ప్రచారంలో ఉన్న అనేక సూక్తులు అర్థశాస్త్రంలోనివి కావు. చాణక్యనీతి అనే పేరుతో ఉన్న శ్లోక సంకలనాలు వేరు, అర్థశాస్త్రం వేరు.

విమర్శలు

అర్థశాస్త్రంపై ప్రాచీన కాలం నుండి విమర్శలు ఉన్నవి. బాణుడు కాదంబరిలో కౌటిల్యుని బోధను క్రూరమైనదిగా నిందించాడు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919 నాటి ఉపన్యాసంలో, దీనితో పోలిస్తే మాకియవెల్లి రచన నిరపాయమైనదని వ్యాఖ్యానించాడు.

ఈ గ్రంథంలో సన్యాసుల, వర్తకుల, భిక్షుకుల వేషాలలో తిరిగే చారులు, చిత్రహింసతో కూడిన విచారణ, వర్ణాన్ని బట్టి మారే శిక్షలు, దాస్యం, ఖాళీ అయిన కోశాన్ని నింపడానికి ప్రజల మూఢనమ్మకాలను వాడుకునే ఉపాయాలు కూడా ఉన్నవి. చేతిపనివారిని, వర్తకులను పేరుకు కాని దొంగలుగా అనుమానించే ధోరణి కనిపిస్తుంది. నిర్వహణ పాఠాలుగా ఎంపిక చేసిన సూత్రాలలో ఇవి సాధారణంగా కనిపించవు. నచ్చిన భాగాలను మాత్రమే తీసుకుని మొత్తం గ్రంథానికి ఆ గుణాన్ని ఆపాదించడం సరికాదని విమర్శకుల అభిప్రాయం.

మరొక భేదం కూడా గమనింపదగినది. నేటి ఉద్యోగి రాజీనామా చేయగలడు, న్యాయస్థానానికి వెళ్ళగలడు. నేటి పౌరుడు పాలకుని ఎన్నికలలో మార్చగలడు. అర్థశాస్త్రంలో రాజుపై అటువంటి చట్టబద్ధమైన అదుపు లేదు. అసంతృప్తి చెందిన ప్రజలు శత్రువు పక్షం చేరతారన్న భయం, రాజు స్వయంగా నేర్చుకున్న ఇంద్రియజయం మాత్రమే అతనికి కళ్ళెం. గ్రంథం మొదట రాజు శిక్షణకు అంత స్థానం ఇవ్వడానికి ఇది ఒక కారణం. ఇతరులందరినీ తనిఖీ చేసే వ్యవస్థలో తనిఖీ లేని ఒక్క మనిషి తనను తాను తనిఖీ చేసుకోకపోతే మిగిలిన ఏర్పాట్లన్నీ వ్యర్థమవుతాయి.